దబ్బాకు టీ, రాటతో చెప్పిన మాట

ఈ పత్రికలో తమ ఉద్యోగాల జ్ఞాపకాలు రిటైరైన స్టేషను మాస్టర్లు రాశారు. బడిపంతుళ్ళు రాశారు. కరెంటు ఆఫీసు ఉద్యోగి ఒకాయన ఒకే తుఫాను గురించి మూడు వారాలు రాశారు. టీ కంపెనీలో ఇరవై మూడేళ్ళు పనిచేసినవాణ్ణి మాత్రం ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నేనే సంపాదకులవారికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు లేదు, రెండోదానికీ లేదు. మూడోదానికి నా చిరునామా రాసి, స్టాంపు అంటించిన కవరు కూడా జతచేశాను. ఆ కవరు ఎవరు వాడుకున్నారో తెలియదు. ఇక అడక్కుండానే రాస్తున్నాను.

ఇప్పటి పిల్లలు కొట్లో లెమన్ టీ డబ్బా తీసుకుని బుట్టలో పడేసుకుంటారు. దారానికి వేలాడే చిన్న సంచీని వేణ్ణీళ్ళలో ముంచి, ఫోను చూసుకుంటూ తాగుతారు. ఆ అలవాటు ఎక్కడో దూరదేశం నుంచి వచ్చిందనుకుంటారు. తొంభైల చివర్లో నిడదవోలులో, రైలు కట్టకి అవతల, కాలువ గట్టునున్న రేకుల షెడ్డులో అంతకంటే మంచి టీ ఒకటి పుట్టింది. ఒక్క పూట బతికింది. పుట్టించినవాణ్ణి నేను. చంపింది ఎవరో చివరిదాకా చదివి మీరే తేల్చండి.

మాది టీ పొడి పొట్లాలు కట్టే చిన్న కంపెనీ. అస్సాం నుంచీ, కూనూరు నుంచీ చెక్క పెట్టెల్లో టీ రైలు మీద వచ్చేది. దాన్ని కలిపి, పొట్లాలు కట్టి, రెండు గోదావరి జిల్లాల కిరాణా కొట్లకీ పంపేవాళ్ళం. ఏ పెట్టెలోది ఎంత కలపాలో చెప్పడం నా పని. తెల్ల కప్పులు వరసగా పెట్టుకుని, ఒక్కో కప్పులోంచి చెంచాడు చప్పుడయ్యేలా పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న ఇత్తడి గిన్నెలో ఉమ్మేయాలి. రోజుకి అరవై కప్పులు. ఆ నాలుకని కాపాడుకోవడానికి పద్నాలుగేళ్ళు పగటిపూట ఆవకాయ ముట్టలేదు, ఉల్లిపాయ ముట్టలేదు, వక్కపలుకు ముట్టలేదు. గోదావరి జిల్లాలో పుట్టి ఇలా బతికినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్ళు లేరు. పెళ్ళిభోజనాల్లో నా విస్తరి చూసి నవ్వినవాళ్ళు మాత్రం ఉన్నారు. వాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తే, కానీ ఇక్కడ ఎవరి పేరూ రాయనని మాటిచ్చాను.

కంపెనీలో అందరికీ టీ కాచే ఆవిణ్ణి పిన్నిగారనేవాళ్ళం. నాకంటే చిన్నదే అయినా నేనూ అలాగే పిలిచేవాణ్ణి. షెడ్డు వెనక తాటాకుల వంటపాక ఆవిడది. దాని నడిమధ్య ఒక టేకు రాట ఉండేది. ఆ స్తంభమే ఈ కథలో మూడో మనిషి, కాబట్టి గుర్తుపెట్టుకోండి.

ఒక వర్షాకాలం నేను మూడు వారాలు కష్టపడి ఒక కొత్త మిశ్రమం కుదిర్చాను. పొట్లాలు కట్టే ఆడవాళ్ళందరికీ రుచి చూపించమని యజమానిగారు అన్నారు. పిన్నిగారు కాచి అందరికీ ఇచ్చి, తానూ ఒక గుక్క తాగి, గ్లాసు కింద పెట్టింది.

"మీకేమండీ మాస్టారూ, మీరు ఉమ్మేస్తారు. మింగేవాళ్ళం మేం గదండీ" అంది.

ముప్ఫై మంది నవ్వారు. కాటా దగ్గరుండే గుమాస్తా, మేం బాబాయిగారనే ఆయన, తూకపు రాయి చేతిలో పట్టుకుని మరీ నవ్వాడు. ఆ రోజునుంచి పిన్నిగారితో మాట్లాడటం మానేశాను. ఒక ఏడాదీ ఏడు నెలలు మానేశాను. కోపం తగ్గలేదా అని నా భార్య అడిగేది. కోపం ఎప్పుడో తగ్గింది, మాట్లాడటం మొదలుపెట్టడానికే కారణం దొరకలేదు.

కానీ పని ఆగదు కదా. నాకు వేణ్ణీళ్ళు కావాలి, ఆవిడకి ఏ పొడి కాచాలో తెలియాలి. అందుకని బాబాయిగారిని మధ్యలో నిలబెట్టి మాట్లాడుకునేవాళ్ళం. "బాబాయిగారూ, ఇవాళ నీళ్ళు సరిగ్గా మరగలేదని చెప్పండి" అని నేను. "బాబాయిగారూ, పొయ్యిలో పొట్టు తడిసిందని చెప్పండి" అని ఆవిడ. మా ఇద్దరికీ మధ్య నాలుగు బారల దూరం కూడా ఉండేది కాదు. బాబాయిగారు పాపం అటూ ఇటూ తల తిప్పేవాడు. కొన్నాళ్ళకి ఆయన విసుగెత్తి, "నేను లేనప్పుడు ఆ రాటతో చెప్పుకోండి" అన్నాడు. ఆయన వేళాకోళానికి అన్నదాన్ని మేం నిజంగానే పట్టుకున్నాం. నేను గుమ్మంలో నిలబడి, కాలువ వైపు మొహం పెట్టి, రాటతో చెప్పేవాణ్ణి. ఆవిడ పొయ్యి వైపు తిరిగి రాటకి జవాబిచ్చేది. నచ్చకపోతే జవాబిచ్చేది కాదు. వెనక్కి తిరిగి చూడకూడదన్నది ఎవరూ చెప్పని నియమం. చూస్తే ఓడిపోయినట్టే.

అలా ఉండగా యజమానిగారు విశాఖపట్నంలో ఏదో పెద్ద హోటల్లో నిమ్మ టీ తాగి వచ్చారు. మనమూ అలాంటి పొట్లం వేయాలన్నారు. వస్తూ వస్తూ ఒక ఎసెన్సు సీసా కూడా తెచ్చారు. మూత తియ్యగానే నాకు అంట్లు తోమే సబ్బు గుర్తొచ్చింది. ఆ మాటే అన్నాను. ఆయన మొహం మాడ్చుకుని, "అయితే మీరే ఏదన్నా చేసి చూపించండి. వేసవిలో డీలర్లందరినీ పిలుస్తాను. వాళ్ళకి నచ్చితే మీది, లేకపోతే సీసా" అన్నారు. నేను ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. వాళ్ళకి నచ్చకపోతే మళ్ళీ రుచిబల్ల దగ్గర కూర్చోనన్నాను. అందరి ఎదుటా అన్నాను. ఆయన వద్దంటారేమోనని కాసేపు ఆగాను. అనలేదు. అదీ నాకు గుర్తుంది.

ఆ తరవాతి నెలలు తలుచుకుంటే నాకిప్పటికీ ఏదో కలలో తిరిగినట్టుంటుంది. షెడ్డు రేకుల కంతల్లోంచి ఎండ కిందికి పడేది. ఆ వెలుగు కమ్మీల్లో టీ దుమ్ము బంగారుపొడిలా తేలుతూ ఉండేది. నా బల్లమీద కప్పుల మధ్య తొక్కలు ఆరుతుండేవి. మొదట నిమ్మతొక్క. ఆరిన పదిరోజులు చురుగ్గా ఉండి, పదకొండోరోజుకి ఎండుగడ్డి వాసన పట్టేది. నారింజ తొక్క మహారాజు. కానీ లోపలి తెల్లటి పొర కొంచెం మిగిలినా చేదు. మనవాళ్ళు టీని మరగబెట్టే తీరుకి అది కషాయమైపోతుంది. కమలా తొక్క తియ్యగా మొదలై మందుల కొట్టు వాసనతో ముగిసేది. పంపరపనసైతే వాసన చూపించి పారిపోయేది. సాయంత్రానికి నా వేళ్ళన్నీ పుల్లగా, చేదుగా, నూనెగా ఉండేవి. ఇంటికి వెళ్తూ కాలువ గట్టున నడుస్తుంటే నీళ్ళకీ అదే వాసన వస్తున్నట్టుండేది.

అది దొరికింది నా బల్లమీద కాదు. ఎండలు ముదిరాక పిన్నిగారు మధ్యాహ్నం అందరికీ మజ్జిగ పంచేది. మాట్లాడకపోయినా మజ్జిగ తాగేవాణ్ణి, రెండూ వేరు. ఒకరోజు గ్లాసు ఎత్తేసరికి, నలిపి వేసిన దబ్బాకు ముక్క పెదవికి తగిలింది. మన ఇళ్ళల్లో మజ్జిగలో దబ్బాకు వేసుకోవడం కొత్తేమీ కాదు. పుట్టినప్పటినుంచీ తాగుతున్నదే. కానీ ఆ రోజు నా వేళ్ళకి టీ దుమ్ము ఉంది. ఆకుని వేలితో తీసేసరికి రెండు వాసనలూ కలిశాయి. పండులో ఉండే పులుపు లేదు, తొక్కలో ఉండే చేదు లేదు. పచ్చటి, చల్లటి, దూరంగా ఎక్కడో వాన మొదలైనట్టున్న వాసన. ఆ గ్లాసు పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. గూడ్సు బండి ఒకటి మొత్తం దాటిపోయింది.

దబ్బచెట్టు పిన్నిగారి పెరట్లోదని తెలిసింది. ఇంకేం చేస్తాను, మర్నాడు గుమ్మంలో నిలబడి, "ఓ రాటా, కొంచెం దబ్బాకు కావాలి" అన్నాను. పొయ్యిలో పొట్టు చిటపటలాడింది. తరవాత, "రాటా, బుట్టతో తెస్తానని చెప్పు. మరీ లేతదీ వద్దు, మరీ ముదురుదీ వద్దు. ఆ సంగతి రుచులు చూడ్డం నేర్చుకున్నవాళ్ళకి తెలీదేమో" అని వినబడింది. ఆ చివరి వాక్యం మీద మూడురోజులు ఆలోచించాను. ఆవిడ చెప్పింది నిజమే. లేతాకు వాసన నిలవదు, ముదురాకు ఘాటు. ఆ సంగతి నాకంటే ముందు ఆవిడకి తెలియడం నాకు నచ్చలేదు, అంతే.

ఆకుని నీడలో వాడబెట్టి, పల్చటి గుడ్డ మీద ఒక వరస టీ, ఒక వరస ఆకు పేర్చి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మూతపెట్టి ఉంచేవాణ్ణి. టీకి వాసన లాక్కునే గుణం ఉంది. పక్కన ఏది పెడితే అదై కూర్చుంటుంది. తరవాత ఆకు తీసేసి, సన్నని సెగమీద టీని మళ్ళీ ఆరబెట్టేవాణ్ణి. కాచే పద్ధతి ఇంకా ముఖ్యం. నీళ్ళు తెర్లగానే దించి, పొడి వేసి, నాలుగు నిమిషాలు మూత. గ్లాసు అడుగున అరచెంచా దబ్బకాయ రసం ముందే వేసి ఉంచి, దానిమీద ఎర్రటి టీ వడకట్టాలి. అప్పుడు ఆ ఎరుపు కళ్ళముందే తేలిపోయి తేనెరంగుకి తిరుగుతుంది. పంచదార చిటికెడు. పాలు మాత్రం ఒక్క చుక్క కూడా పడకూడదు. పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

డీలర్లు వచ్చే రోజు రానే వచ్చింది. వాళ్ళకోసం బాబాయిగారు స్టేషనుకి వెళ్ళాడు. హాల్లో బల్లల మీద నలభై గాజు గ్లాసులు నేనే పేర్చి, ఒక్కోదాంట్లో అరచెంచా రసం నా చేత్తో వేశాను. అప్పుడు వంటపాక గుమ్మంలోకి వెళ్ళి, కాలువ వైపు మొహం పెట్టి, రాటతో చెప్పాను. "నాలుగు నిమిషాలు మూతపెట్టాలి. గ్లాసుల్లో దబ్బరసం ఉంది, ఒంపెయ్యకూడదు. పాలు పొయ్యకూడదు. ముఖ్యంగా పాలు."

జవాబు రాలేదు. నచ్చలేదేమో, చెప్పింది చేస్తుందిలే అనుకున్నాను. వెనక్కి తిరగలేదు.

అందరికంటే ముందు ఒకాయన వచ్చాడు. రామచంద్రపురం వైపు కిరాణా వ్యాపారి. ఆ రోజు పాసింజరు ఎందుకో టైముకి వచ్చిందట, బాబాయిగారు స్టేషను చేరేలోపే ఈయన నడుచుకుంటూ వచ్చేశాడు. వయసు అరవై ఉంటుంది, చేతిలో నల్లగొడుగు. వరండాలో బెంచీమీద కూర్చున్నాడు. నాకు ఆగబుద్ధి కాలేదు. నా బల్లమీది చిన్న స్టవ్వు మీద ఒక్క గ్లాసు నేనే కాచి తెచ్చి ఇచ్చాను.

ఆయన మొదట వాసన చూశాడు. ఒక గుక్క తాగి ఆగాడు. కాలువలో పడవలేవీ లేవు, నీళ్ళు కదులుతున్నాయో లేదో తెలియడం లేదు. అవతలి గట్టుమీద కొబ్బరాకులు నీళ్ళలోకి వంగి వాటి నీడల్ని అవే తాకుతున్నాయి. ఆయన అటే చూస్తూ రెండో గుక్క, మూడో గుక్క తాగాడు. నేను పక్కన నిలబడి ఆయన గొంతు కదలడం చూస్తున్నాను. పద్నాలుగేళ్ళలో నా టీ ఒకరు మింగడాన్ని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. గ్లాసు ఖాళీ చేసి, బెంచీ మీద బోర్లించాడు. నా వైపు తిరిగాడు. నోరు తెరిచాడు.

అప్పుడే లోపలినుంచి యజమానిగారు, "రండి రండి, బయట కూర్చున్నారేంటండీ" అని ఆయన భుజం మీద చెయ్యివేసి తీసుకుపోయారు.

తరవాత జరిగింది తొందరగా చెప్తాను. మిగతా డీలర్లు వచ్చారు. యజమానిగారు మాట్లాడటానికి లేచారు, నేను ఆయన పక్కన నిలబడ్డాను. పిన్నిగారు పెద్ద కెటిలుతో వెనకవైపు తలుపులోంచి వచ్చి చివరి వరసనుంచి పొయ్యడం మొదలుపెట్టింది. ముందు వరసకి వచ్చాకగానీ నాకు కనబడలేదు. కెటిలులోంచి తెల్లగా, చిక్కగా, మీగడ తేలే టీ పడుతోంది. మరుక్షణం గ్లాసులో పలుకులు పలుకులుగా విరిగింది. అప్పటికే ముప్ఫై గ్లాసుల్లో టీ విరిగిపోయి ఉంది. ఒకాయన గ్లాసు ఎత్తి వెలుగుకి పెట్టి చూసి, "ఇది టీయా, జున్నా అండీ" అన్నాడు. హాలంతా నవ్వింది.

యజమానిగారు నవ్వలేదు. "మాస్టారూ, మీ నాలుక మీద నమ్మకముంచాను" అన్నారు, అంతే. తిట్టినా బాగుండేది.

నేను గొడుగాయన వైపు చూశాను. ఆయన ఒక్కమాట అంటే చాలు. 'పాలు లేకుండా నేను తాగాను, అది వేరు' అంటే చాలు. ఆయన తల దించుకుని గొడుగు బొత్తాం పెట్టుకుంటున్నాడు. ఇది అన్నిటికంటే పెద్దది. మిగతా అవమానాలన్నీ దీనికి చుట్టాలు.

సాయంత్రం వంటపాకలోకి వెళ్ళాను. ఈసారి గుమ్మంలో ఆగలేదు. పిన్నిగారు పాలు విరిగిన గ్లాసులు కడుగుతోంది. తల ఎత్తి, ఏడాదీ ఏడు నెలల తరవాత మొదటిసారి, నా మొహం చూసి మాట్లాడింది.

"నాతో ఒక్కమాట చెప్తే మీ సొమ్మేం పోయేదండీ?"

"చెప్పాను. రాటతో చెప్పాను."

"ఎప్పుడండీ?"

గ్లాసులు పేర్చి వచ్చినప్పుడన్నాను. ఆ సమయంలో ఆవిడ పాలకేను కోసం రోడ్డు మీదికి వెళ్ళిందట. వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళు, పాలు తక్కువైతే కంపెనీకి పరువు తక్కువని మరో రెండు లీటర్లు తెప్పించిందట. పాలు లేని టీ జ్వరమొచ్చినవాళ్ళకి ఇస్తారుగానీ ఇంటికొచ్చినవాళ్ళకి ఎవరిస్తారని ఆవిడ అడిగింది. గ్లాసుల అడుగున తడి చూసి, నేను కడిగి సరిగ్గా ఒంపలేదనుకుందట. నేను ఎవరూ లేని పాకలో, ఎటో చూస్తూ, కర్రతో మాట్లాడి వచ్చేశానన్నమాట.

"రాటతో చెప్పాను కదా" అన్నాను మళ్ళీ.

"పాలు రాట కాచిందా మాస్టారూ?"

నేను వెళ్ళి పొయ్యి దగ్గర కూర్చున్నాను. మిగిలిన పొడితో ఒక్క గ్లాసు చేశాను. నాలుగు నిమిషాలు ఇద్దరం మూత వైపు చూస్తూ కూర్చున్నాం. టీ పొయ్యగానే రంగు తిరిగింది. ఆవిడ కొంగుతో గ్లాసు పట్టుకుని, ఆగి ఆగి తాగింది. ఎలా ఉందని అడిగాను.

"నేనేం చెప్పనండీ" అంది. "చెప్తే మళ్ళీ ఏడాదిన్నర మాట్లాడరు."

ఎన్నిసార్లు అడిగినా అదే మాట. నవ్వుతూ అనేది. కంపెనీ మూసేసేదాకా అడుగుతూనే ఉన్నాను. ఆ తరవాత ఆవిడ సామర్లకోటలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయిందని విన్నాను. ఆ తరవాత లేదని విన్నాను. చెప్పకుండానే పోయింది.

నేను మాట మీద నిలబడ్డాను. రుచిబల్ల దగ్గర మళ్ళీ కూర్చోలేదు. మిగతా తొమ్మిదేళ్ళూ పెట్టెలకి చీటీలు అంటించాను. యజమానిగారు ఒకసారి రమ్మన్నారు. రెండోసారి పిలిస్తే వెళ్ళేవాణ్ణి. పిలవలేదు. సీసా ఎసెన్సుతో నిమ్మ టీ పొట్లం వేశారు. సబ్బు వాసన కొట్టేది. బాగా అమ్ముడుపోయింది. దాని పెట్టెలకి చీటీలు అంటించింది కూడా నేనే.

పిల్లలూ, దీన్నుంచి మీకు నీతి చెప్పాలంటే, పని దగ్గర అలగండి, తప్పులేదు. కానీ అలిగినప్పుడు కూడా వెనక్కి తిరిగి, మనిషి ఉందో లేదో చూసుకోండి. అంతకంటే నాకేం తెలియదు. ఇప్పుడు నేను ఆవకాయ రోజూ తింటున్నాను. అయినా ఎండాకాలం మజ్జిగలో దబ్బాకు పడ్డప్పుడల్లా ఆ వరండా, ఆ కదలని కాలువ, బెంచీ మీద బోర్లించిన గ్లాసు కనబడతాయి. గ్లాసు బోర్లించాడంటే చాలు, ఇంకొద్దనా? ఒక్క చుక్క మిగల్చలేదు చూసుకో అనా? ఇన్నేళ్ళుగా రెండు రకాలుగానూ అనుకుని చూశాను.

అందుకే ఇది రాస్తున్నాను. నల్లగొడుగుతో పాసింజరు దిగి, అందరికంటే ముందు వచ్చి, వరండాలో కూర్చుని పాలు లేని దబ్బాకు టీ తాగిన రామచంద్రపురం వైపు పెద్దమనిషిగారూ, ఆ టీ తాగినవాళ్ళలో ఇక మిగిలింది మీరొక్కరే. మీరు లేకపోతే, ఆ రోజు ఇంటికి వెళ్ళాక మీరేమన్నారో విన్న మీవాళ్ళెవరైనా సరే. మీరు నోరు తెరిచారు, నేను చూశాను. ఏమనబోయారు? బాగుందా, లేదా? నా మూడు ఉత్తరాల్లా దీన్ని వదిలెయ్యకండి. ఒక్కమాట రాయండి. బాగోలేదన్నా పర్వాలేదండీ. ఈసారి మాట్లాడటం మానను.